కింది వంటింటి గోడ

మా పై వంటింట్లో పొయ్యి మీద ఇంతవరకూ ఒక్క ఉల్లిపాయ వేగలేదు. అయినా ప్రతి శనివారం దాన్ని తుడవడం నా పని. పొయ్యి మీద కప్పిన తెల్లగుడ్డ తీస్తాను. మెరుస్తున్న దాన్నే మళ్లీ మెరిపిస్తాను. గుడ్డ దులిపి మళ్లీ కప్పుతాను. కుర్చీలకి కొన్ననాటి ప్లాస్టిక్ కవర్లు ఇంకా అలాగే ఉన్నాయి. కిటికీకి నేనే అల్లిన లేసు తెర ఉంది. అందులోంచి వీధి చివరి వరకూ కనిపిస్తుంది. ఎవరి పిల్లలు బడి నుంచి వస్తున్నారో, ఎవరింటి ముందు అంబులెన్సు ఆగిందో అన్నీ తెలుస్తాయి. తుడవడం అయిపోయాక ఆ తెర సర్ది, లైటు తీసేసి, మెట్లు దిగి కిందికి వెళ్లి వంట మొదలుపెడతాను.

ఇది మా ఒక్క ఇంటి విడ్డూరం కాదు. సముద్రం దాటి అజోర్స్ దీవుల నుంచి వచ్చి ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో స్థిరపడ్డ మావాళ్లందరి ఇళ్లలోనూ రెండేసి వంటిళ్లు ఉంటాయి. పైది చుట్టాలకి చూపించడానికి, సగం నేలలోకి దిగిన కింది గదిలో ఉన్నది వండడానికి. పెళ్లయిన వారానికే మా అత్తగారు ఎర్మీనియా నన్ను మెట్లు దింపి, గోడవారగా ఉన్న పెద్ద పొయ్యి చూపించింది.

"ఇదిగో దియోలిందా, ఇదంతా నీ రాజ్యం. పైన గనక చేపలు వేయించావో, తెరలకి పట్టిన కంపు నేను చచ్చేదాకా పోదు."

ఆవిడ పోయి చాలా కాలమైంది. తెరలకి ఇప్పటికీ ఏ వాసనా లేదు.

కింది వంటిల్లు నాకు ఇష్టం లేదని కాదు. అక్కడి లోతైన సింకు, ఎంత పెద్ద గిన్నె పెట్టినా కదలని పొయ్యి, పిండి పిసికే బల్ల, వీటన్నిటికీ నా చేతులు అలవాటు పడిపోయాయి. నా కూతురు నతాలియా ఆ బల్ల కిందే పాకడం నేర్చుకుంది. నాకు కావలసింది ఒకటే, ఓ కిటికీ. ఆ గది నాలుగు గోడల్లో ఎక్కడా కిటికీ లేదు. గిన్నె మరిగితే ఆవిరి పైకప్పుకి తగిలి నీటిబొట్లై నా మెడ మీదే పడుతుంది. చలికాలంలో మూలలు నల్లగా బూజు పడతాయి. బయట వెలుతురుందో చీకటి పడిందో తెలియదు. వీధి వైపు గోడకి ఆనించి అత్తగారి అలమర ఉంటుంది. దాని పైన ఆవిడ తగిలించిన క్యాలెండరు ఉంటుంది. అందులో మా దీవి, కొండల మధ్య నీలం సరస్సు. ఏళ్లు మారాయి గానీ ఆవిడ ఆ బొమ్మ మార్చలేదు. ఆవిడ తర్వాత నేనూ మార్చలేదు.

కిటికీ మాట మొదటి చలికాలంలోనే మా ఆయన గ్వాల్తర్‌తో అన్నాను. అప్పుడే ఫ్యాక్టరీ నుంచి వచ్చి బూట్లు విప్పుతున్నాడు. తలెత్తకుండానే "సిటీ ఒప్పుకోదు" అన్నాడు. సిటీ అంటే మా ఊరి మునిసిపల్ ఆఫీసు. నతాలియా పుట్టాక, పసిపిల్లకి ఆ చెమ్మ పడక దగ్గు పట్టినప్పుడు మళ్లీ అడిగాను. "చెప్పాను కదా, సిటీ ఒప్పుకోదని." గోడలకి రంగులు వేయించినప్పుడు అడిగాను. ముందు వరండా కట్టించినప్పుడు, పనివాళ్లు ఎలాగూ ఇంట్లోనే ఉన్నారు కదా అని అడిగాను. ఆసారి కాస్త ఆలోచించినట్టు మొహం పెట్టి, "అది పునాది గోడ. దాని జోలికి వెళితే సిటీ అసలు ఒప్పుకోదు" అన్నాడు. నా ఊహలో సిటీ అంటే మీసాలున్న ఓ పెద్దమనిషి. ఆయన ముందు నా కిటికీ కాగితం పెట్టారు, ఆయన చదివి, కళ్లద్దాలు తీసి, వీల్లేదు అన్నాడు. ఇన్నేళ్లూ ఆ పెద్దమనిషి మాటకి లోబడి బతికాను. గుడిలో తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఒకసారి ఈ సంగతి చెప్పుకుంటే, మా ఫాదర్ "ఆ కష్టాన్ని ప్రభువుకి అర్పించమ్మా" అన్నారు. అర్పించాను. వంట చేస్తూ, మెడ మీద బొట్లు తుడుచుకుంటూ, ఇది నీకే ప్రభూ అనుకున్నాను. కానీ ఇది ప్రభువు నన్ను అడిగిందేనా అన్న ఆలోచన మధ్యమధ్య వచ్చేది. రాగానే శిలువ గుర్తు వేసుకుని గరిటె తిప్పేదాన్ని.

ఈ ఏడు పరిశుద్ధాత్మ కిరీటం వంతు మా ఇంటికి వచ్చింది. ఈస్టరు తర్వాత వచ్చే ఏడు ఆదివారాలకీ మా సంఘంలో చీటీలు వేస్తారు. పేరు వచ్చిన వాళ్లింట్లో వెండి కిరీటం వారం రోజులుంటుంది. ముందుగదిలో తెల్లబట్టలు పరిచిన మెట్ల పీఠం మీద పూలు, కొవ్వొత్తులు, అన్నిటికన్నా పైన కిరీటం. రోజూ సాయంత్రం వీధివాళ్లంతా వచ్చి జపమాల చెబుతారు. ఆదివారం కిరీటాన్ని బాజాలతో గుడికి ఊరేగించి తీసుకువెళ్లి, తిరిగొచ్చాక వచ్చినవాళ్లందరికీ గొడ్డుమాంసం, క్యాబేజీ, పుదీనా వేసిన రొట్టె సూప్ పెడతారు. ఎవరొచ్చినా పెట్టాల్సిందే. పిలిచామా లేదా అని చూడకూడదు. గుడిలో "ఈసారి కిరీటం గ్వాల్తర్‌ది" అని చదివారు. అందరూ చప్పట్లు కొట్టి ఆయన వీపు తట్టారు. నేను అక్కడే కూర్చుని ఎన్ని గిన్నెలు అరువు తేవాలా అని లెక్క వేసుకుంటున్నాను.

జపమాల నాకు ఎప్పుడూ పైకప్పులోంచే వినిపిస్తుంది. ఎవరింట్లో కిరీటమున్నా కింద వంట చేసే ఆడవాళ్లలో నేనొకదాన్ని. ఊరేగింపు బయల్దేరిందని బాజాల దెబ్బకి అలమరలో కప్పులు అదిరితే తెలుస్తుంది. కిరీటం గడప దాటడం ఈ ఊరొచ్చాక ఒక్కసారి కూడా చూడలేదు.

ఊరేగింపు కోసం వీధి మూయాలంటే సిటీ అనుమతి కావాలి. ఆ పని మా ఆయన నాకు అప్పజెప్పాడు.

"నేను సంఘం పనుల్లో తిరుగుతున్నానుగా. నువ్వు ఇంట్లో ఊరికే ఉంటావు, ఓసారి వెళ్లి తెచ్చెయ్" అన్నాడు.

అప్పటికి నేను బల్ల మీద చేపలు శుభ్రం చేస్తున్నాను. ఊరికే ఉన్న చేతులు కడుక్కుని, కోటు వేసుకుని బస్సెక్కాను.

మునిసిపల్ ఆఫీసులో అనుమతి ఇచ్చే అబ్బాయి తేదీ అడిగాడు, వీధి పేరు అడిగాడు, బాజాలుంటాయా అని అడిగాడు. ఉంటాయన్నాను. "సరే, కార్లు అటు నుంచి మళ్లిస్తాం" అని కాగితం మీద ముద్ర వేసి ఇచ్చేశాడు. ఇంత పెద్ద ఊళ్లో, బస్సులు తిరిగే వీధిని, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మూసేయడానికి ఒప్పుకున్నారు. ఆ కాగితం చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. వీధినే మూయనిచ్చిన వీళ్లు నా గోడలో చిన్న రంధ్రానికి ఎందుకు ఒప్పుకోలేదు? ఆ మీసాల పెద్దమనిషి ఏం కారణం రాసి ఉంటాడు? కిటికీ ఇవ్వకపోతే పోనీ, కారణమైనా చదవాలనిపించింది.

పక్క కౌంటరు మీద భవన అనుమతులు, పాత రికార్డులు అని బోర్డుంది. నాకంటే కాస్త చిన్నావిడ కూర్చుని ఉంది. గుండె మీద లోరెడానా అని పేరున్న బిళ్ల. నేను ఎదురుగా నిలబడ్డాను గానీ ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"చెప్పండమ్మా, దేనికోసం వచ్చారు?"

"మా ఇంటి కాగితాలు చూడొచ్చా? ఎప్పుడో ఒక కిటికీ వద్దన్నారట. ఎందుకు వద్దన్నారో చూద్దామని."

"చూడొచ్చు. ఇంటి యజమాని మీరేనా?"

"కాదు, మా ఆయన. ఆయన సంతకం తేవాలా?"

"ఇంటిపన్ను బిల్లుందా మీ దగ్గర?"

సంచిలో ఉంది. ఆ సంచిలో ఉండని కాగితమంటూ మా ఇంట్లో లేదు. ఆవిడ బిల్లు తీసుకుని చూసి, నా వైపు తిప్పి, వేలితో చూపించింది. గ్వాల్తర్ పేరు పక్కన నా పేరు. ముందు వరండాకి అప్పు తీసుకున్నప్పుడు బ్యాంకువాళ్లు అడిగారని ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టాను. ఆ పేరు ఇలా పనికొస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

"మరి మీరేగా యజమాని" అంది లోరెడానా. "ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఇక్కడ మీ సంతకం పెట్టండి."

పెట్టాను. వెతికి పిలుస్తామంది. వెళ్లబోయి మళ్లీ వెనక్కి తిరిగాను. ఇన్నాళ్లూ మావాళ్లందరికీ ఉన్న భయం నాకూ ఉంది. సిటీవాళ్లని కదిలిస్తే వచ్చి కింది వంటిల్లే పీకేస్తారని మా వీధిలో అంతా అంటారు.

"ఒకటి అడగనా? నేల కింద వంటిల్లుంటే తప్పా?"

"కింద ఎవరికైనా అద్దెకిచ్చారా?"

"అయ్యో, లేదు. నేనే ఉంటాను. అంటే, వండుతాను."

ఆవిడ నవ్వింది. "మా అమ్మమ్మ ఇటలీ ఆవిడ. పైనున్న పొయ్యి మీద పూలకుండీ పెట్టుకునేది. మీ ఇంట్లో మీరు రెండు చోట్ల వండుకుంటే మాకేంటమ్మా?"

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వీధి మూసే కాగితం గ్వాల్తర్ చేతికిచ్చాను. "చూశావా, ఎంత తేలికో! అడగడం తెలియాలి అంతే" అన్నాడు. అది సంఘంలో అందరికీ చూపించుకున్నాడు.

కొన్నాళ్లకి లోరెడానా ఫోన్ చేస్తే మళ్లీ వెళ్లాను. కౌంటరు మీద మా ఇంటి ఫైలు పరిచింది. మొదట ఇల్లు కట్టినప్పటి ప్లాను. మా కంటే ముందున్న ఎవరో స్కాటిష్ వాళ్ల కాలం నాటిది. తర్వాత మేం ముందు వరండా కట్టినప్పటి కాగితం, దాని మీద మా ఆయన వంకర సంతకం. అంతే. ప్లాను నా వైపు తిప్పి పెట్టింది. పైన వంటిల్లు అని రాసి ఉన్న చోట నేను వారానికోసారి తుడిచి వస్తాను. కింద, నా పొయ్యి ఉన్న చోట, నా కూతురు పాకిన చోట, సామాన్ల గది అని రాసి ఉంది. ఆ మాట మీద వేలు పెట్టాను. కోపం రాలేదు. గీసినవాడికి నేనెవరో ఏం తెలుసు?

"కిటికీ కాగితం ఏదీ?" అన్నాను.

"లేదమ్మా."

"ఒప్పుకోనివి పారేస్తారా?"

"అయ్యో, లేదు. కాదన్నవి ఇంకా జాగ్రత్తగా దాస్తాం. కాదనిపించుకున్నవాళ్లేగా మళ్లీ మళ్లీ పోట్లాటకొచ్చేది." గొంతు తగ్గించింది. "రెండుసార్లు వెతికాను. మీ ఇంటికి కిటికీ కావాలని ఎవరూ ఎప్పుడూ అడగలేదు."

వెనక వరసలో ఎవరో దగ్గారు. ఆ మీసాల పెద్దమనిషి మెల్లగా కుర్చీలోంచి లేచి వెళ్లిపోయినట్టనిపించింది. ఆయన నన్ను కాదనలేదు. నా మాట ఆయన దాకా చేరనే లేదు. ఇన్నేళ్లూ ఓ మనిషి మీద ఊరికే అలిగాను.

"ఇప్పుడు అడగొచ్చా?" అన్నాను.

"దేనికి అడక్కూడదు? పునాది గోడ కాబట్టి తెలిసినవాళ్ల చేత డ్రాయింగు గీయించి ఇవ్వాలి. అది చూసి చెబుతాం."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటి దాకా ఆ ఫారం చదువుకుంటూ వచ్చాను. నాకు ఎందుకు కావాలో చెప్పడానికి ఎన్ని కారణాలు పోగుచేసుకున్నానో! ఆవిరి, బూజు, పసిపిల్ల దగ్గు. ఫారంలో గోడ మందం అడిగారు, కిటికీ కొలతలు అడిగారు. ఎందుకు అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా లేదు.

మర్నాడు మధ్యాహ్నం గ్వాల్తర్ కింద బల్ల దగ్గర భోంచేస్తుంటే అడిగాను.

"ఈ కిటికీ సంగతి సిటీని ఎప్పుడు అడిగావు?"

"ఏ కిటికీ?"

"ఈ గోడకి."

"అబ్బా, మళ్లీ ఆ పురాణమా? చెప్పాను కదా, ఒప్పుకోరని."

"ఒప్పుకోరని చెప్పావు. అడిగావా?"

"ఒప్పుకోరని తెలిశాక అడగడమెందుకు?"

"ఎలా తెలిసింది?"

రొట్టె ముక్కతో గిన్నె అంచు చుట్టూ తుడిచాడు. మా ఆయన చెడ్డవాడు కాదు. కొలిమి దగ్గర ఏళ్ల తరబడి ఒళ్లు కాల్చుకుని ఈ ఇల్లు నిలబెట్టాడు. అబద్ధం చెప్పాల్సి వస్తే చెవులు ఎర్రబడతాయి. అప్పుడు ఎర్రబడలేదు. గుర్తు తెచ్చుకుంటున్నాడు.

"అమ్మ అంది" అన్నాడు చివరికి. "నువ్వొచ్చిన కొత్తలో. కిటికీ పెట్టావంటే పిల్ల వీధిలోకి చూస్తూ చిక్కుళ్లు మాడుస్తుందిరా అంది. సరే అన్నాను. నీతో ఆ మాట ఎలా అనను? సిటీ అన్నాను." తర్వాత నవ్వబోయాడు. "అని అని, నిజంగానే సిటీ వద్దందని నేనే నమ్మేశాను, చూడు."

నేను నవ్వలేదు. అలాగని ఏడవనూ లేదు. క్యాలెండరులో నీలం సరస్సు వైపు చూశాను. నేను రాకముందు ఆవిడా ఇక్కడే వండింది. ఆవిడ మెడ మీదా ఈ బొట్లే పడ్డాయి. ఆవిడ తనకోసం గోడకి ఓ బొమ్మ తగిలించుకుంది. ఆ బొమ్మ కిటికీ ఎత్తులోనే ఉంది.

"సరే, పోయిందానికి ఏం చేస్తాం" అన్నాడు లేస్తూ. "ఇప్పుడీ వయసులో కిటికీ దేనికి మనకి?"

"ఇంకొంచెం సూప్ వెయ్యనా?" అన్నాను. ఆ సంభాషణ అక్కడితో అయిపోయిందనుకున్నాడు.

నతాలియాకి ఫోన్ చేశాను. అది ఇంజనీర్ల ఆఫీసులో జీతాల లెక్కలు చూస్తుంది. అక్కడ డ్రాయింగులు గీసే అమ్మాయి ఒకతె ఉంది, మా గోడకి గీస్తుందేమో అడగమన్నాను.

"అమ్మా, నువ్వేనా మాట్లాడేది?" అంది. "నాన్నకి తెలుసా?"

"తెలుస్తుంది."

"నాన్న గొడవ పెడితే?"

"పెడితే పెట్టనీ. నువ్వు ఆ అమ్మాయిని అడుగు, చాలు."

కిరీటం వచ్చింది. వారమంతా పై నుంచి జపమాల, కింద నేను. శనివారం పొద్దున్న చుట్టుపక్కల ఆడవాళ్లంతా మా కింది వంటింట్లో చేరారు. ఒకరు క్యాబేజీ కోస్తున్నారు, ఒకరు పుదీనా దూస్తున్నారు. ఆవిరికి అందరి మొహాలూ ఎర్రగా ఉడికిపోతున్నాయి. నేను మోచేతుల దాకా పిండిలో చేతులు పెట్టి పండగ రొట్టెకి పిసుకుతున్నాను. అప్పుడు గ్వాల్తర్ ఫోను పట్టుకుని సగం మెట్లు దిగి ఆగాడు.

"ఎవరో అమ్మాయి. సోమవారం వస్తుందట, గోడ కొలతలకి. సిటీకి ఇవ్వాల్సిన డ్రాయింగట. గోడేంటి? తప్పు నంబరు అంటే కాదంటోంది."

కత్తులు ఆగాయి. పుదీనా దూసే ఆవిడ నా మొహం చూసి, వెంటనే ఆకుల్లోకి తల దించేసుకుంది.

"తప్పు నంబరు కాదు. రమ్మను" అన్నాను.

"ఎవరు పిలిచారు?"

"ఇంటి యజమాని."

ఆయన నోరు తెరిచాడు. నన్ను చూశాడు, వినీ విననట్టు ఉన్న ఆడవాళ్లని చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. పైన కిరీటం ఉంది. కిరీటం ఉన్న వారంలో ఇంట్లో గొంతు పెంచకూడదని మాకో కట్టుబాటు. ఇన్నేళ్లలో అది ఇలా నా పక్షాన నిలబడడం ఇదే మొదటిసారి. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "సరేనమ్మా, సోమవారం రండి" అన్నాడు. పెట్టేశాక చిన్నగా, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు:

"సిటీవాళ్లు ఇంట్లోకి వస్తారు, తెలుసా?"

"రానీ. ఎవరొచ్చినా పెట్టాల్సిందేగా."

ఇక చేసేదేం లేదన్నట్టు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఆ అలమర పక్కకి జరపాలి" అన్నాను. "ఆ చివర పట్టుకో."

పట్టుకున్నాడు. లోపల గిన్నెలు గలగలలాడుతుండగా ఇద్దరం దాన్ని మూలకి లాగాం. కుర్చీ ఎక్కి అత్తగారి క్యాలెండరు నేనే తీశాను. మడత పడకుండా అలమర మీద పరిచాను. దాని వెనక గోడ ఇంతకాలం గాలి తగలక తెల్లగా, చల్లగా ఉంది. కొలవడానికి వచ్చేముందు మీకెంత కావాలో మీరే చూసుకోండని ఆ డ్రాయింగుల అమ్మాయి నతాలియా చేత చెప్పించింది.

పిండి అంటిన వేలితో గోడ మీద గీత మొదలుపెట్టాను. క్యాలెండరు ఉన్నంత మేర గీసి ఆగబోయాను. మళ్లీ చెయ్యి చాపి, అందినంత దూరం దాకా గీశాను.